నల్లపెట్ట తీసిన కంత

అనగనగనగా, మనుషులకంటే ముందు మంచు లేచే ఒక కొండ ఊళ్లో పైడమ్మ అనే ఆవిడ ఉండేది. పెరట్లో ఓ మట్టిగూడు, అందులో ఒక పుంజు, కొన్ని పెట్టలు. కోళ్ల మాట మనుషులకు తెలిసే కాలమది. తెలిసేదే గానీ, వినేవాళ్లు అప్పుడూ తక్కువే.

కిందటి చలికాలం ఆవిడ ఏ లోటూ చెయ్యలేదు. అయినా కోళ్లన్నీ పోయాయి. నల్లపెట్ట ఒక్కటే మిగిలింది. అది పొదిగిన పిల్లలే ఇప్పుడున్నవి. ఇవీ పోతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక తనకు లేదని పైడమ్మ భయం.

పుష్యమాసంలో పూసలు గుచ్చడానికైనా పొద్దు చాలదంటారు. ఆ కాస్త పొద్దూ ఆవిడకు గూటి చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. గోడ చీలికకు పేడమట్టి పూసింది. తలుపు కింద సందులో గోనె కుక్కింది. అప్పటికీ మనసు కుదుటపడక, కప్పు కింద కంతలో గడ్డి దోపింది.

"ఇప్పుడు వెచ్చగా ఉంది," అంది పుంజు.

"వెచ్చగానే ఉంది. మన ఊపిరి తేమ, మన రెట్ట ఘాటు ఎటు పోతాయి?" అని నల్లపెట్ట ఎగిరి ఆ గడ్డి పీకేసింది.

తెల్లారి పైడమ్మ చూసింది. "ఏమే, నీకేమైనా పిచ్చా?"

"అమ్మా, కింద సందులు మూశావు, మంచిపనే. ఆ కంత మాత్రం వదిలెయ్. అది మా తలల పైన ఉంది. చలిగాలి మాకు తగలదు, లోపలి చెమ్మ మాత్రం పోతుంది."

"నువ్వా నాకు చెప్పేది?" అని పైడమ్మ మళ్లీ దోపింది. నల్లపెట్ట మళ్లీ పీకింది.

ఈసారి ఆవిడ గడ్డి మీద పేడ కూడా మెత్తింది. "ఇంకోసారి ముక్కు పెట్టావో, కూరలో పడతావ్."

మూడోనాటికి గూట్లో పరిచిన ఊక తడిసిపోయింది. చిన్నపెట్ట తుమ్మడం మొదలుపెట్టింది. నల్లపెట్టకు కూర మాట గుర్తుంది, భయమూ ఉంది. కానీ పక్కన కూతురు తుమ్ముతుంటే ఎలా ఊరుకుంటుంది? పొద్దుగూకే వేళ పేడ పెచ్చు పొడిచి, గడ్డి లాగేసింది.

పైడమ్మ పరుగున వచ్చి దాన్ని పట్టుకుంది. కొయ్యడానికి చెయ్యి రాలేదు. "చలంటే ఏమిటో బయటుండి తెలుసుకో," అని మునగకొమ్మ మీదికి విసిరి, కంత మళ్లీ మూసేసింది. తరవాత ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది.

తెల్లవారగానే ముందు చెట్టు దగ్గరికే వెళ్లింది. పెట్ట ఈకలు పొంగించుకుని, మెడ లోపలికి ముడుచుకుని కూర్చుంది.

"బతికే ఉన్నావా?"

"చలి వణికించింది గానీ చంపలేదమ్మా. ముందు గూడు తెరువు."

తలుపు తియ్యగానే ఘాటు మొహాన కొట్టింది. పైడమ్మ కళ్లు మండాయి. కప్పు నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. పుంజు నోరు తెరిచి రొప్పుతోంది. చిన్నపెట్ట మూలన పడి ఉంది. ఉలుకూ పలుకూ లేదు.

ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చుంది. చాలాసేపటికి అది కన్ను తెరిచింది. అప్పుడు పైడమ్మకు ఒక సంగతి తట్టింది.

"కిందటేడు కూడా ఇలాగే అన్నీ మూశాను. నువ్వు గూట్లోకి రానని మొండికేసి ఈ చెట్టుమీదే పడుకున్నావు కదే."

"అవునమ్మా."

"అయితే వాటిని చంపింది చలి కాదు."

పైడమ్మ చాలాసేపు ఏడ్చింది.

లేచి తడి ఊక ఎత్తిపోసి, పొడి ఊకలో బూడిద కలిపి పరిచింది. కంతలో గడ్డి పీకేసింది. ఆ చలికాలమంతా, సాయంత్రమయ్యేసరికి గుప్పెడు గడ్డి పట్టుకుని గూటి దాకా వెళ్లేది. కంత వైపు చూసి, ఆ గడ్డి ఆవుకు వేసి వచ్చేది.

ఎంత ప్రేమతో మూసినా సరే, ఊపిరాడే దారి మూస్తే అది కాపాడటం కాదు.