బావురుపిల్లి జాడ

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే లేచి చెప్పులేసుకోవచ్చు. కూర్చున్నాక మాత్రం ‘ఇదెక్కడి చోద్యం’ అని ముక్కున వేలేసుకోకూడదు.

గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ అడవి అంచున ఓ పాత దర్గా, అందులో కరీముల్లా షా బాబా ఉండేవాడు. ఆయన ఒక్కసారి ఉరిమి చూస్తే తుఫాను దారి మార్చుకుని ఒరిస్సా పోయేది. ఆ బాబాకి మీరావలి అనే శిష్యుడు. వారం రోజులుగా అతనికి కంటిమీద కునుకు లేదు.

కిందటి ఉరుసులో కుండపోత వాన. ఆడవాళ్ళు చంటిపిల్లల్ని కొంగుల కింద దాచుకుని తెల్లవార్లూ తడిశారు. “వచ్చే ఉరుసుకి మీ తలమీద కప్పుంటుంది” అని మీరావలి మాటిచ్చేశాడు. చోటు కూడా చూశాడు. దర్గా వెనక, పాయ పక్కన. తీరం గనక అనుమతి కావాలి. అనుమతి ఇచ్చేముందు అటవీశాఖవాళ్ళు వచ్చి చూడాలి. రేంజరు హేమసుందరి వచ్చేది ఆ ఉదయమే.

తెల్లారి వెళ్ళి చూస్తే బురదనిండా అడుగులు! బావురుపిల్లివి. చేపలు పట్టుకు తినే జంతువు. దూడంత ఉండేది, తోకతో కొడితే పడవ తిరగబడేది. అలాంటివి ఇక మిగిలినవే కొద్ది, దాని నివాసం జోలికెళ్ళకూడదని చట్టం. రేంజరమ్మ కంట ఒక్క అడుగు పడిందా, కప్పు లేదు, మాట లేదు.

మీరావలి ఓ చెక్క పలక పట్టుకుని బురదలో దిగాడు. ఏనుగు దిగితే తొండం చివర మాత్రమే కనబడే బురద అది! దాన్ని అద్దంలా చదును చేసి పైకొచ్చేసరికి గట్టుమీద బాబా.

“ఏం చేస్తున్నావు బేటా?”

“శుభ్రం చేస్తున్నా బాబా. మీరు మాత్రం ఆమెతో ఏమీ అనకండి. మీ కాళ్ళు పట్టుకుంటా.”

“అనను,” అన్నాడు బాబా.

హేమసుందరి వచ్చింది. గట్టంతా తిరిగింది, వంగి చూసింది. మీరావలి గుండె చప్పుడుకి కొంగలు లేచిపోయాయి. “ఇక్కడ బావురుపిల్లి జాడేమీ లేదే!” అంటూ ఆమె అరుగుమీద కూర్చుని రాసుకోసాగింది. బాబా పెదవి విప్పలేదు.

లోపల భోజనాలకి పిలిచారు. ఆ దర్గాలో ఒక పద్ధతుంది. వంట బుడే సాహెబు మనుషుల్ని చూడడు. గడప దగ్గర విడిచిన జోళ్ళు చూసి, అన్ని గిన్నెలే పెడతాడు.

మీరావలి పంక్తిలో కూర్చున్నాడు. అందరి ముందూ గిన్నె పడింది, అతని ముందు పడలేదు.

“నా గిన్నేది?”

“నువ్వు లేవు కదరా.”

“కళ్ళెదురుగా కూర్చున్నా గదయ్యా!”

“బయట నీ జోళ్ళు లేవు. జోళ్ళు లేనివాడు లేనట్టే,” అని బుడే సాహెబు అతన్ని దాటి పక్కవాడికి వడ్డించాడు.

“పొద్దున్నే గడపలో విడిచానయ్యా! కుక్కేదో ఎత్తుకుపోయింటుంది.”

“అయితే కుక్కకి పెడతాలే అన్నం.”

పంక్తంతా ఘొల్లున నవ్వింది. మీరావలి మండిపడుతూ లేచి బాబా వైపు తిరిగాడు. బాబా తలవంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. ఎడం చంకలో ఏదో ఇరికించుకుని ఉన్నాడు.

మీరావలి జోళ్ళు.

శిష్యుడు చేతులు చాచాడు. “తోబా! అవి మీరు ముట్టుకోవడమా? ఇలా ఇవ్వండి బాబా. నేనిక్కడే ఉన్నాను. ఇక్కడే ఉన్నాను గదా!”

బాబా తలెత్తాడు.

“ఆ మాట ఆమెతో చెప్పు.”

నవ్వులు ఆగిపోయాయి. అరుగుమీద కలం గీస్తున్న చప్పుడు లోపలికి వినిపిస్తోంది. తడిసిన ఆడవాళ్ళ మొహాలు మీరావలి కళ్ళముందు వరసగా కదిలాయి. వట్టికాళ్ళతో గడప దాటాడు.

“మేడమ్,” అన్నాడు. “ఉంది.”

ఆ మాటకి పాయలో నీళ్ళు ఆగి విన్నాయి. అబద్ధమంటారా? ఆ పూట చేతిలో గరిటె పట్టుకుని, వడ్డించడం మరిచి నిలబడిపోయిన మనిషి ఇంకా ఉన్నాడు, వెళ్ళి అడగండి. వంట బుడే సాహెబు.