గుండ్ల మడుగు ఎర

ఈరదాసు గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా ప్రశ్న అడిగితే మగ్గం మీది చేయి ఆపకుండానే "మళ్ళీ అడుగు" అనేవారు. సగం ప్రశ్నలు రెండోసారికి సిగ్గుపడి వెనక్కి పోయేవి. మిగిలిన వాటికైనా ఆయన వాదం చెప్పేవారు కాదు. తనకు తెలిసిన మనిషికి జరిగిన సంగతి ఏదో ఒకటి చెప్పి, ఊరుకునేవారు.

దత్తాత్రి అనే శిష్యుడు ఒక సాయంత్రం ఆయన ముందు కూర్చున్నాడు. పత్తి యార్డులో కాటా వేసే ఉద్యోగం అతనిది. "అయ్యా, గోడ మీద అందరూ రాసుకున్న నియమం ఉంటది. ఎవ్వరూ పాటించరు. దాన్ని ఒక్కడు పాటిస్తే ఏమొస్తది?" అని అడిగాడు. మళ్ళీ అడగమంటే, అదే మాట, ఒక్క అక్షరం తగ్గకుండా అడిగాడు. ఈరదాసు గారు మగ్గం ఆపి, చేతులు తుడుచుకుని, "మంజీర ఒడ్డున సాయవ్వ అని ఒకామె ఉండె" అని మొదలుపెట్టారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

మంజీర వంపు తిరిగేచోట గంగపుత్రుల ఊరొకటి ఉంది. ఆ వంపులో పెద్ద పెద్ద బండల నడుమ లోతైన నీరు నిలుస్తుంది. దాన్ని గుండ్ల మడుగు అంటారు. మడుగు మీద హక్కు ఊరి చేపల సంఘానిది. సంఘంలో ఉన్నవాళ్ళే అందులో తెప్ప వేయాలి, వల వేయాలి. ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే. ఆడవాళ్ళు చేపలు అంగడికి మోసుకుపోయి అమ్మాలి గాని పట్టకూడదని రాసిన మాట ఎక్కడా లేదు. అడిగిన ఆడమనిషి కూడా అప్పటిదాకా లేదు.

సాయవ్వ అడిగింది. భర్త జ్వరంతో పోయి రెండేళ్ళయింది. అతను బతికున్న రోజుల్లో తెప్ప మీద ముందు కూర్చుని గెడ వేసింది ఆమే. మడుగులో ఏ బండ కింద ఎంత లోతో అతనికెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. ఆ రెండేళ్ళూ ఇతరులు పట్టిన చేపలు గంపకెత్తుకుని తిరిగింది. ఒకనాడు సంఘం కూర్చున్నచోటికి పోయి, "నా మొగుని తావు నాకియ్యిరి" అంది. సంఘం పెద్ద రాజలింగు మంచివాడే. కాదనడానికి నోరు రాలేదు, అవుననడానికి ధైర్యం చాలలేదు. అందుకని పాత పద్ధతి ఒకటి బయటికి తీశాడు.

కొత్తగా సంఘంలో చేరేవాడు గుండ్ల మడుగులో గాలం వేసి వాలుగను పట్టి చూపాలి. చేప అయిదు కిలోలకు తగ్గకూడదు. గడువు మూడు రోజులు, అప్పటిదాకా సంఘం వాళ్ళెవరూ అతని తాడు ముట్టకూడదు. ఎరకు మాత్రం నియమాలున్నాయి. ఎర ప్రాణంతో ఉండాలి. ఆ మడుగులోదే కావాలి, పరాయి నీటి చేపను తెస్తే పరాయి రోగం వెంట వస్తుందని పెద్దల భయం. ఎవరో ఇచ్చింది కాక, ఆ రోజు తన చేత్తో పట్టిందే కావాలి. చివరిది, కడుపుతో ఉన్న చేపను గాలానికి గుచ్చకూడదు. రాజలింగు ఈ నాలుగూ మంత్రంలా గడగడా చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. వాళ్ళందరికీ అవి చిన్నప్పటి నుంచీ నోటికొచ్చినవే.

భాద్రపదం నడుస్తోంది. గుడ్లు వదిలిన వాలుగ ఆకలి మీద తిరిగే నెల కనుక చేపకు కొదవ లేదు. అయితే పైన వానలు పడి మంజీర ఎర్రగా పారుతోంది. మొదటి రోజు తెల్లవారగానే సాయవ్వ మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి, తుంగ మొదళ్ళలో గంప ముంచి దేవింది. నాలుగు పరకలు పడ్డాయి. పరక అరచేతి పొడవుండే వెండిరంగు చేప. వాలుగకు దాన్ని మించిన ఎర లేదని ఆ ఊళ్ళో పసిపిల్లలు కూడా చెబుతారు. నాలుగింటినీ ఒక్కొక్కటిగా అరచేతిలో వెల్లకిలా పెట్టి చూసింది. మూడింటి పొట్టలు ఉబ్బి ఉన్నాయి. వాటిని వదిలేసి నాలుగోదాన్ని గుచ్చి వేసింది. మధ్యాహ్నానికి అది తేలిపోయింది. వాలుగ దాని వైపు వచ్చిన జాడ లేదు.

రెండో రోజు పడిన ప్రతి పరకా కడుపుతోనే ఉంది. పదకొండు పట్టింది, పదకొండూ వదిలింది. చివరికి రొయ్యలు గుచ్చి వేస్తే ఎండ్రకాయలు కొరుక్కుపోయాయి. పొద్దు వాలేవేళకు ఒట్టి గంపతో గట్టెక్కింది. నియమం తప్పకుండా చూడమని సంఘం కాపలా పెట్టిన వాళ్ళు బండ మీద నుంచి ఆ గంప వైపే చూశారు. ఇంటి దగ్గర మరిది ఎంకటి ఎదురొచ్చాడు. అతనికి వదినంటే గౌరవం, ఆమె గెలవాలనే అతని కోరిక కూడా. గొంతు తగ్గించి, "ఏం జూస్తున్నవొదినా? పరక దొరికితే గుచ్చుడే. కడుపెవడు జూస్తడు? నేను జూడలే, అన్న జూడలే, రాజలింగు మామ గూడ జూడలే" అన్నాడు.

"మీ అన్న గూడనా?" అంది సాయవ్వ.

ఎంకటి తల దించుకున్నాడు.

మూడో రోజు తుంగలో ఎంత దేవినా గంపలోకి బురద తప్ప ఏమీ రాలేదు. పొద్దు బారెడెక్కాక ఒక్క పరక పడింది. మూడు రోజుల్లో అంత మంచి పరక చూడలేదు. నిండు అరచేతి పొడవు, అద్దంలా మెరుస్తోంది, చేతిలో ఆగడం లేదు. వెల్లకిలా తిప్పింది. వేలితో అంటీ అంటనట్టు నిమిరితే గసగసాలంత గుడ్లు రెండు వేలికి అంటుకున్నాయి. సాయవ్వ తలెత్తి చూసింది. కాపలా మనిషి బండకు ఆ వైపున ఉన్నాడు, ఆమెకు అతని తలపాగా అంచు మాత్రమే కనిపిస్తోంది. తుంగ నిలువెత్తున ఉంది. గాలం నడుముకు చుట్టుకునే ఉంది. గుచ్చడానికి చిటికె వేసినంతసేపు చాలు. రెండేళ్ళు నెత్తిన మోసిన గంప గుర్తుకొచ్చింది. సంఘంలో అందరూ చేసేదే కదా అనిపించింది. సొంత మొగుడు చేసిందే కదా అని కూడా అనిపించింది. అలా అనిపించిన తర్వాత కూడా కాసేపు అక్కడే నిలబడింది. ఆ పైన చేయి నీళ్ళలో ముంచి, వేళ్ళు విప్పింది. పరక ఒక్క క్షణం అరచేతిలోనే ఆగి, మెల్లగా పోయింది.

సాయవ్వ అక్కడే బురదలో చతికిలబడింది. ఏడుద్దామనుకుంది గాని ఏడుపు రాలేదు. ఊరికే చేతులు బురదలో దించి కూర్చుంది. అప్పుడు కుడిచేతి కింద బురద కదిలింది. గబుక్కున పట్టుకుంది. మట్టగిడస. జానెడు కూడా లేదు, నల్లగా, జిగటగా, బురదలో బురదలా ఉంది. పొట్ట బల్లపరుపుగా ఉంది, గుడ్లు పట్టే వయసు ఇంకా రాలేదు. దాన్ని ఎరగా వేసిన మనిషిని ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. నల్ల చేప నల్లటి లోతులో వాలుగ కంటికేం ఆనుతుందని అందరూ దాన్ని పారేస్తారు.

సాయవ్వ దాని కొట్టుకోవడం పిడికిట్లో పట్టి చూసింది. పిడికిలి విడిపించుకునేంత బలం. ఆమె మడుగు వైపు చూసింది. ఎర్రటి నీరు, వేలు ముంచితే వేలు కనబడడం లేదు. ఈ నీళ్ళలో వెండి పరకైనా వాలుగకు ఎక్కడ కనబడుతుంది? దాని కన్ను చిన్నది, మీసం మూరెడు. బురద రోజుల్లో అది మీసంతోనే వెతుక్కుంటుంది. కదిలేది కావాలి దానికి, మెరిసేది కాదు. పరక గాలం మీద పూట బతకదు. మట్టగిడస రోజంతా కొట్టుకుంటుంది, గాలి కోసం పైకి లేస్తుంది, మళ్ళీ అడుగుకు పోతుంది. మూడు రోజులుగా గంపలోకే చూస్తూ, నీటి వైపు ఒక్కసారైనా సరిగ్గా చూడలేదని ఆమెకు అప్పుడు తోచింది.

వీపు తోలు కింద, ప్రాణానికి తగలకుండా గాలం గుచ్చింది. పెద్ద బండ కింద సుడి తిరిగి నీరు నెమ్మదించే చోటుకు విసిరింది. తాడు వేలికి చుట్టుకోకుండా వేలి మీద ఆనించుకుని నిలబడింది. మట్టగిడస అడుగున కొట్టుకుంటున్న ప్రతి కదలికా వేలికి తెలుస్తోంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఉన్నట్టుండి ఆ కదలిక ఆగిపోయింది. భయపడ్డ చేప ఆగినట్టు ఆగింది. తాడు రెండు వేళ్ళంత జరిగింది, ఆగింది, ఆ తర్వాత బండ కిందికి బరువుగా సాగిపోసాగింది. మూడు బారలు పోనిచ్చి, రెండు చేతులతో గుంజింది.

అవతల ఉన్నది చిన్న ప్రాణం కాదు. తాడు ఆమెను నడుము లోతుకు ఈడ్చింది. బండల సందులో దూరితే తాడు తెగుతుందని ఆమెకు తెలుసు. అందుకే వెనక్కి లాగకుండా, నీళ్ళలోనే పక్కకు నడిచి, చేప తలను సందు వైపు పోనీయకుండా తిప్పింది. అది పొర్లింది, అడుగుకు దిగింది, మళ్ళీ లేచింది. అరచేతులు చీరుకుపోయాయి. కాపలా మనిషి కేక వేస్తే సంఘం వాళ్ళు పరుగెత్తుకొచ్చారు, అంగడికి బయల్దేరిన ఆడవాళ్ళు గంపలు దించి గట్టున వరుసగా నిలబడ్డారు. ఇద్దరు మగవాళ్ళు నీళ్ళలో దిగి తాడు అందుకోబోయారు.

"సంఘంల లేనోళ్ళ తాడు ముట్టద్దని మీ నియమమే గదా. ఒడ్డుకు జరుగుండ్రి" అంది సాయవ్వ, వాళ్ళ వైపు చూడకుండానే.

వాళ్ళు ఒడ్డుకు జరిగారు. బండ నీడ పక్కకు తిరిగేదాకా ఆ పోరు సాగింది. చివరికి వాలుగ పక్కకు వాలి, తెల్లటి పొట్ట చూపించింది. సాయవ్వ దాని దవడ కింద చేయి దూర్చి, రొమ్ముకు అదుముకుని, అడుగులో అడుగు వేస్తూ గట్టెక్కింది. గట్టున ఆడవాళ్ళలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అది వరుస చివరిదాకా పాకింది. కాటాకు వేస్తే పదకొండు కిలోలు. ఆ ఏడు గాలానికి పడ్డవాటిలో అంతది లేదు.

రాజలింగు వంగి, చేప నోరు తెరిచి చూశాడు. గాలం చివర మట్టగిడస ఇంకా కదులుతోంది. "దీన్నెవరు ఏసుమన్నరు నిన్ను?" అని అడిగాడు.

"ఎవ్వరు జెప్పలే. ఇంకేం దొర్కలే" అంది సాయవ్వ. "పొద్దున ఒక్క పరక దొరికింది. కడుపుతోనున్నది. ఇడిసిపెట్టిన."

ఎంకటి దూరంగా నిలబడి నీళ్ళ వైపు చూస్తున్నాడు. రాజలింగు లేచి నిలబడ్డాడు. "వానలున్నన్ని దినాలు కడుపుతో లేని పరక ఈ మడుగుల దొర్కుడు కష్టం. అది మాకందరికి ఎరుకే. నలభై ఏండ్ల సంది నాలుగు నియమాలు జెప్తున్న. మూడే పాటించిన. పరకలు ఏటేటికి ఎందుకు తగ్గుతున్నయో అని సంఘంల కూసోని మాట్లాడుకుంటం గూడ" అన్నాడు. ఆ తర్వాత సంఘం వాళ్ళ వైపు తిరిగి, "మొగుడేసిన మూడో తెప్ప రేపటి సంది సాయవ్వది. కార్తీకం దాక ఎవ్వరు పరక ఎర ఎయ్యద్దు, నాతోటి మొదలు" అన్నాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు. ముసలాయన ఒకడు మట్టగిడసను గాలం నుంచి మెల్లగా విడిపించి, నీళ్ళలో వదిలాడు.

సాయవ్వ ఆ వాలుగను ఎవరికీ ఇవ్వలేదు. భుజాన వేసుకుని, తోక మడమలకు తగులుతుంటే, ఊరి నడుమ నుంచి తనే మోసుకుంటూ నడిచింది. ఆడవాళ్ళంతా ఆమె వెనక నడిచారు. మరుసటి పొద్దున మంజీర మీదికి పోయిన మూడో తెప్పలో ఆమె ఒక్కతే ఉంది, గెడ ఆమె చేతిలో ఉంది. ఆ మరుసటేడు తుంగ పక్కన కాలు పెడితే పరకలు పాదాలకు తగిలేవని ఊళ్ళో చెప్పుకున్నారు. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మూడు రోజుల గడువు అడిగారు.

చెప్పడం ముగించి ఈరదాసు గారు మళ్ళీ మగ్గంలో కాళ్ళు పెట్టారు. దత్తాత్రి ముఖం తేటపడింది. "అయితే అయ్యా, ఆ నియమమే ఆమెకు అంత చేపనిచ్చిందన్నట్టు" అన్నాడు.

ఈరదాసు గారు నూలు సరిచేసుకుంటూ, "చేపనిచ్చింది మట్టగిడస. నియమం ఇయ్యాల్సింది పొద్దున ఆమె ఒక్కతే ఉండి పరకను వదిలినప్పుడే ఇచ్చేసింది" అన్నారు.