గాడిద పాడితే క్రాషయ్యే రికార్డర్

ఆ అడవిలో కంప్యూటర్లు నడిపే సిస్టం ఏ ఒక్కరి సొత్తూ కాదు. జంతువులన్నీ కలిసి రాసుకున్నాయి. కోడ్ చూసే హక్కు అందరికీ ఉంది, చూసే ఓపికే ఎవరికీ లేదు. అందులో పాటలు రికార్డు చేసే ప్రోగ్రాం మాత్రం నక్క రాసింది. ఆ సంగతి రోజూ ఎవరో ఒకరికి గుర్తు చేస్తేగాని దానికి ముద్ద దిగేది కాదు.

అడవి రేడియో కోసం కోకిల పాడితే రికార్డింగ్ చక్కగా అయ్యేది. చిలక పాడినా అయ్యేది. గాడిద పల్లవి అందుకుందంటే చాలు, అందరూ చెవులతోపాటు కళ్లు కూడా గట్టిగా మూసుకునేవారు. తెరిచి చూసేసరికి ప్రోగ్రాం ఆగిపోయి, తెర నల్లగా ఉండేది.

"నా ప్రోగ్రాంకి సంగీతజ్ఞానం ఉంది తాతా," అంది నక్క, రేడియోకి పెద్దగా ఉన్న ఏనుగుతో. "ఈ విద్వాంసుణ్ణి రానివ్వకండి. క్రాషులు వాటంతటవే పోతాయి."

గాడిద కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్క పాటైనా రేడియోలో రావాలని చిన్నప్పట్నుంచీ ఆశ తాతా. గొంతు బాగోలేదంటే పడతాను. మిషను పాడుచేశానంటే ఎలా?"

ఏనుగు తన పెద్ద చెవుల క్షేమం కూడా ఆలోచించి, గాడిదను శాశ్వతంగా మాన్పించెయ్యడానికే సిద్ధపడింది. అప్పుడు గేదె నెమరు ఆపింది.

"జబ్బేంటో తెలీకుండా గాడిదను తరిమేస్తారా? ఇంకోసారి పాడించండి."

"ఇంకోసారా!" అందరూ గుండెలు బాదుకున్నారు.

"నీకెందుకీ బాధ బావా, కాసేపు అలా తిరిగి రా," అని గేదె నక్కను పంపేసింది. నక్క వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

గాడిద మొదలెట్టింది. పల్లవి అయింది, చరణాలన్నీ అయ్యాయి, ఎవరూ అడక్కపోయినా పల్లవి మళ్లీ అయింది. ప్రోగ్రాం నిక్షేపంగా నడిచింది. విన్నవాళ్ల సంగతి అడక్కండి.

నక్క తిరిగొచ్చాక గేదె దాన్ని ఎప్పటిలాగే మైకు పక్కన కూర్చోబెట్టింది. మిగతావాళ్ల వైపు తిరిగి, "ఈసారి చెవులు మూసుకోండి గానీ కళ్లు తెరిచే ఉంచండి," అంది.

గాడిద గొంతెత్తింది. నక్క మొహం వికారంగా పెట్టి, భరించలేక, అలవాటు కొద్దీ మైకు వైరు లాగేసింది. తెర నల్లబడింది.

"చూశారా! మళ్లీ క్రాష్!" అని గెంతింది నక్క.

"చూశాం బావా. రికార్డవుతుండగా మైకు ఊడితే ఏం చెయ్యాలో నీ ప్రోగ్రాంలో రాశావా?"

"అదెందుకు రాయడం? పాట మధ్యలో మైకు పీకే వెధవ ఎవడుంటాడు..."

అందరూ తన పంజా వైపు చూస్తున్నారని నక్కకు అప్పుడు తెలిసింది. వైరు ఇంకా అందులోనే ఉంది.

"ప్రోగ్రాం బాగుచెయ్యి," అంది ఏనుగు. "బాగైందో లేదో తేలేదాకా గాడిద పాటలన్నీ నువ్వే పక్కన కూర్చుని రికార్డు చెయ్యి. వైరు ముట్టుకోకుండా."

"నాకు చాలా పాటలొచ్చు బావా!" అంది గాడిద, సంతోషం పట్టలేక.

తప్పెక్కడుందో వెతకబోయేవాడు ముందు తన చేతిలో ఏముందో చూసుకోవాలి.