స్తంభం దగ్గర చోటు

అచలానందుల వారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఎంత గొప్ప ప్రశ్నతో వచ్చినా ముందు "భోంచేశావా?" అని అడిగేవారు. చేశానంటే ఏదో పని చెప్పేవారు, లేదంటే వడ్డన చెయ్యమనేవారు. జవాబు అడిగినవాళ్ళకు అడిగినప్పుడే దొరికిన దాఖలా ఆ ఆశ్రమంలో లేదు.

ఆ ఉదయం విరూపాక్షం ప్రశ్నతో పాటు మూట కూడా పట్టుకుని వచ్చాడు. మొన్ననే భూమి కంపించి గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమం ఒక్క ఊపు ఊగింది. గోడ మీది పటాలు వంకర తిరిగాయి, అటక మీంచి ఇత్తడి బిందె దొర్లిపడింది, అంతే. మిగతావాళ్ళు ఆ పూటకే మరిచిపోయారు గానీ విరూపాక్షానికి భయం తీరలేదు. అప్పట్నుంచీ పెరట్లో చాప వేసుకుని పడుకుంటున్నాడు. మధ్యాహ్నం బస్సుకు పిన్నిగారి ఊరు వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నాడు. నిజానికి వెళ్ళాలని లేదు పాపం. ఇలాంటి గురువు మళ్ళీ దొరకడని తలుచుకుంటేనే ఏడుపు వస్తోంది. ఉందామంటే ధైర్యం చాలడం లేదు.

"స్వామీ, నేను బళ్ళో చదువుకున్నవాణ్ణి," అన్నాడు మూట దించకుండానే. "భూమికి పైన పెంకు, దాని కింద వేడి రాతి పొర, నడిబొడ్డున లోహపు ముద్ద. ఆ పెంకు పెద్ద పెద్ద పలకలుగా పగిలి ఉంది. పలకలు గోళ్ళు పెరిగినంత నిదానంగా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ ఒత్తిడి పలక నడుమ ఉన్న మనదాకా పాకుతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. మరి అంత నిదానంగా తోసుకునేవి నిదానంగానే జరగవచ్చు గదా? ఏళ్ళ తరబడి బుద్ధిగా ఉండి, ఒకనాడు ఉన్నట్టుండి ఎగిరిపడడం దేనికి? అది తెలిస్తే ఉంటాను. లేదంటే నన్ను వెళ్ళనివ్వండి."

"భోంచేశావా?"

"లేదు స్వామీ."

"అయితే పాయసం వడ్డించి వెళ్ళు. స్తంభం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగు."

ఈ స్తంభం సంగతి చెప్పాలి. ఆ భోజనశాలలో మాట్లాడకూడదు, పంక్తి ముగిసేదాకా లేవకూడదు. ఆనుకోవడానికి ఉన్నది ఒకే ఒక్క స్తంభం. నడుం నొప్పి ఉన్న పెద్దలు మాత్రం ఇద్దరు, శరభయ్యగారూ దక్షిణామూర్తిగారూ. ఆ చోటు కోసం ఇద్దరూ రోజూ గుమ్మంలోనే కీచులాడుకునేవారు. వడ్డన పెత్తనం చేతికి రాగానే విరూపాక్షం ఇద్దరికీ స్తంభం చెరి సగం పంచి, భుజం భుజం ఆనించి కూర్చోబెట్టాడు. గుమ్మంలో గొడవ మానింది. వాళ్ళను కలిపిన ఘనత తనదేనని మనవాడు ఊరంతా చెప్పుకు తిరిగాడు. మాట్లాడకూడని చోట మాట వినబడడం లేదని మురిసిపోయినవాణ్ణి నేనైతే ఇతన్నొక్కణ్ణే చూశాను.

మూట స్వామివారి దగ్గరే దించి వెళ్ళి, పాయసం గిన్నెతో స్తంభం దగ్గర ఆగి, విరూపాక్షం మొదటిసారి పరీక్షగా చూశాడు. ఇద్దరి ముఖాలూ ధ్యానంలో ఉన్నట్టు ప్రశాంతంగా ఉన్నాయి. శరభయ్యగారి మెడ నరాలు మాత్రం ఉబ్బి ఉన్నాయి. దక్షిణామూర్తిగారి కాలివేళ్ళు నేలను బిగించి పట్టుకున్నాయి. ఆనుకున్న ఆ భుజాల దగ్గర ఇద్దరి ఉత్తరీయాలూ అరిగి జల్లెడలయ్యాయి. అది ఇవాళ్టి అరుగుదల కాదని తెలుస్తూనే ఉంది. ఇద్దరూ బలమంతా పెట్టి తోస్తున్నారు, ఇద్దరిలో ఎవరూ ఇసుమంతైనా జరగడం లేదు.

అలా చూస్తూండగానే భుజం జారింది. ఎవరిదన్నది చెప్పలేం. శరభయ్యగారు విస్తరితో సహా అవతలి పక్కాయన ఒళ్ళో పడ్డారు, ఆయన ఆ పక్కాయన మీద ఒరిగాడు. ఆ ఊపు అలా పంక్తి పొడుగునా వెళ్ళి, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని చివరి ముసలాయన పంచె మీద చారు కుమ్మరించింది. దక్షిణామూర్తిగారి కాలు తగిలి విరూపాక్షం కూలబడ్డాడు. పాయసం నెత్తిన పడింది. నియమం నియమమే గనక ఎవరూ లేవలేదు, ఎవరూ నోరెత్తలేదు. సర్దుకుని కూర్చున్నాక కూడా ఆ ఇద్దరూ చిన్నచిన్నగా కుదుపుకుంటూనే ఉన్నారు. కుదిపినప్పుడల్లా చివరి ముసలాయన విస్తరి చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

తల తుడుచుకుంటూ విరూపాక్షం గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"ఇవాళ వాళ్ళు కొత్తగా ఏం చేశారు?" అని అడిగారు స్వామివారు.

"ఏమీ లేదు స్వామీ. రోజూ చేసేదే చేశారు." మళ్ళీ తనే అన్నాడు, "రోజూ కాస్త కాస్త జరిగి ఉంటే ఇంత అయ్యేది కాదు. ఒకరినొకరు జరగనివ్వలేదు."

రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. విరూపాక్షం మూట అందుకున్నాడు.

"మీ పిన్నిగారి ఊరు పలక మీద లేదా?" అన్నారు స్వామివారు.

విరూపాక్షం గుమ్మం దాటలేదు. బస్సు వెళ్ళిపోయింది. మూట మెల్లగా అరుగు మీద పెట్టాడు గానీ, భయం ఇంకా పోలేదు.

"మళ్ళీ ఊగితే స్వామీ?"

స్వామివారు భోజనశాల వైపు చూపించారు. పెద్దలిద్దరూ స్తంభానికి ఆనుకుని, భుజం భుజం కలిపి, మహా ప్రశాంతంగా మజ్జిగ తాగుతున్నారు.

"ఊగుతుంది. ఎప్పుడో నాకూ తెలియదు," అన్నారు. "నువ్వు మాత్రం రేపటి నుంచి గిన్నె పట్టుకుని అక్కడ నిలబడకు."