విప్పిన ఊలు

స్వెటరంటే కొట్లో కొనుక్కునేదనుకునే పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. ఒకప్పుడు మదనపల్లెలో చలికాలం వస్తోందంటే ఆడవాళ్ల చేతుల్లో సూదులు ఆడుతుండేవి. ఎస్తేరు టీచరమ్మ ఇంటి వరండాలో, మధ్యాహ్నపు ఎండకు వీపులు పెట్టుకుని నలుగురైదుగురు అల్లిక నేర్చుకునేవాళ్లు. ఏం అడిగినా టీచరమ్మ వెంటనే జవాబిచ్చేవారు కాదు. "చేస్తూ ఉండమ్మా, చూద్దాం" అనేవారు.

వాళ్లలో హైమవతి తన కూతురు వకుళ కోసం అల్లుతోంది. వచ్చే వారమే ఆ పిల్ల బెంగుళూరు హాస్టలుకు పోవాలి. అక్కడి సాయంకాలాలకు లావు ఊలు బరువని, వేలికి తగిలీ తగలనంత సన్నని లేత నీలం ఊలు తెచ్చింది. ముందు గుండీలు పెట్టుకునే స్వెటరు. చేతులూ, ముందు ముక్కలూ అయిపోయాయి, వీపు ముక్క మాత్రం ఎంతకీ కావడం లేదు. ఒక్క కుట్టు తిరగబడినా హైమవతి వరుసలన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టేది.

"హైమక్కా, నువ్వు నేర్చుకుంటున్నది అల్లేదా, విప్పేదా?" అంది పక్కనున్న సరోజ. "పాప చదువు ముగించుకుని వచ్చేదాకా వీపు చలిలోనే ఉండేట్టుంది."

హైమవతి నవ్వలేదు. మళ్లీ ఒక తప్పు కనిపించింది ఆమెకు.

"టీచరమ్మా, ఎవరికీ కనబడదులే అంటారు. నాకు కనబడిందే. కన్నతల్లిని, చూసీ చూడనట్టు ఎట్లా ఊరుకునేది?"

"సరే, విప్పు" అన్నారు టీచరమ్మ. "పాప ఉండ చుడుతుంది."

తల్లి విప్పుతుంటే, వెంట వచ్చిన వకుళ ఎదురుగా కూర్చుని ఊలును ఉండగా చుట్టసాగింది. "వంగి కూర్చోవద్దు. అంత బిగించొద్దు. ఇప్పుడు మరీ వదులైపోతోంది చూడు" అంటూనే ఉంది హైమవతి. పిల్ల ప్రతిమాటకూ సర్దుకుంటూ వచ్చింది. అన్నిసార్లు విప్పిన ఊలు, నూగు లేచి ఒకచోట చిక్కుకుంది. హైమవతి కాస్త గట్టిగా లాగింది. పుటుక్కున తెగింది.

"నేను కాదమ్మా" అంది వకుళ వెంటనే. "నేను లాగలేదు."

తెగిన కొస తల్లి వేళ్ల మధ్యే ఉంది. సరోజ కూడా సూదులు ఆపింది. హైమవతి కూతురి మొహం చూసింది. ఆ పిల్ల తల్లి నుదురే చూస్తోంది, ముడిపడుతుందేమోనని.

ఎస్తేరు టీచరమ్మ రెండు కొసలూ ఒకదానిమీద ఒకటి పెట్టి, తడిచేసి, అరచేతుల మధ్య నలిపారు. ముడి లేకుండానే అతుక్కున్నాయి. తప్పు ఇంకా కింది వరుసలోనే ఉంది. హైమవతి అంతదాకా పోలేదు. విప్పినచోటే కుట్లన్నీ సూదికెక్కించుకుని, "ఇట్లాగే పోనిచ్చేదా టీచరమ్మా?" అని మెల్లగా అడిగింది.

"ఊలుకు తన తప్పేమిటో తెలీదమ్మా" అన్నారు టీచరమ్మ. "లాగింది మాత్రం తెలుస్తుంది."

పిల్లలూ, మీకూ పిల్లలు పుట్టాక ఇది వాళ్లకు చెప్పండి. చెప్పేటప్పుడు ఎక్కడైనా ఒక మాట తప్పు పడితే మళ్లీ మొదటికి రాకుండా, అట్లాగే చెప్పుకుంటూ పోండి.