బండ మీదికెక్కని పేరు

అనగనగా ఒక అడవి. అక్కడ వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. ఆ అడవి మధ్యలో ఒక వాగు ఉండేది. వాగంటే పేరుకే వాగు. శివరాత్రి దాటిందా, ఇసుక తప్ప చుక్క నీరు కనబడేది కాదు. ఉన్న నీళ్ళన్నీ ఇసుక అడుక్కి దిగిపోయేవి.

ఆ వాగులో ఒక ఎలుగుబంటి ప్రతి ఎండాకాలం చెలమ తవ్వేవాడు. చెలమంటే తెలుసుగా? ఇసుకలో లోతుగా గుంట తీస్తే అడుగున నీళ్ళు ఊరతాయి, అదే చెలమ. ఆ ఎలుగుబంటికి ఒళ్ళంతా గుబురుగా జుట్టు. అందుకని అందరూ గుబురయ్య అనేవారు. మనిషి మంచివాడే. మనిషంటే మనిషి కాదనుకోండి, మాటవరసకి అన్నాను. నవ్వింది చాలు, వినండి.

తవ్వినంత మాత్రాన చెలమ దగ్గరికి ఎవరొస్తారు? నీళ్ళున్న చోటికి చిరుతపులీ వస్తుంది. తల వంచి తాగుతున్న దుప్పికి వెనక ఏముందో కనబడదు. అందుకే మొదట్లో అందరూ దూరం నుంచి చూసి, గొంతెండినా సరే వెళ్ళిపోయేవారు. అప్పుడు తీతాలు వచ్చింది.

తీతాలు ఒక తీతువు పిట్ట. సన్నటి పొడుగు కాళ్ళు, పెద్ద గొంతు. చెలమ పక్కన రాయి మీద నిలబడి నాలుగు వైపులా చూసేది. చిరుత నీడ కదిలితే చాలు, అడవంతా అదిరేలా అరిచేది. ఆ అరుపు వినగానే అందరూ తప్పుకునేవారు. అలా గుబురయ్య తవ్వడం, తీతాలు కాపలా కాయడం. నీళ్ళు తాగినవాళ్ళు ఊరికే పోయేవారు కాదు. గుబురయ్యకి ఇప్పపువ్వు తెచ్చేవారు. దుప్పులు నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగులు తీతాలుకి. ఆవిడ అతన్ని అన్నా అనేది. అతను చెల్లీ అనేవాడు. ఎన్నో ఎండాకాలాలు అలా గడిచిపోయాయి. ఒక్కసారి కూడా పేచీ రాలేదు.

ఆ ఏడు ఆ అడవికి కొత్త పులి రాజైంది. అప్పటికే అడవినిండా తగాదాలు. ఈ గుహ నాదంటే నాదని, ఈ తేనెచెట్టు మా తాతదని రోజూ కొట్లాటలే. వినీ వినీ రాజుకి విసుగొచ్చి ఒక చట్టం చేసింది. గుహ గానీ, చెట్టు గానీ, చెలమ గానీ, ఎవరిదో వాళ్ళు పెద్దబండ దగ్గరికొచ్చి చెప్పాలి. కలిసి వ్యాపారం చేసేవాళ్ళయితే అందరి పేర్లూ చెప్పాలి. బండ మీద జేగురుతో, అంటే ఎర్రమట్టితో, వాళ్ళ కాలిగుర్తు వేస్తారు. ఒకరు రాలేకపోతే, రెండోవాళ్ళు పేరు చెప్పినా చాలు. గుర్తున్నవాళ్ళకే హక్కు. ఆ హక్కుదారు అమావాస్య నుంచి పున్నమి దాకా ఆ చోటికి రాకపోతే భాగస్థులు చూసుకుంటారు. భాగస్థులు లేరా, ముందుగా వచ్చి అడిగినవాళ్ళకి పోతుంది.

మంచి చట్టమే. నేనేమీ తప్పుపట్టను. బండ దగ్గర గుర్తులు వేసే పని కొండముచ్చు తాతకి అప్పజెప్పారు. మొహం నల్లగా ఉన్నా మనసు తెల్లనిది ఆయనకి. ఎవరొచ్చినా మూడుసార్లు అడగమని రాజు చెప్పింది. తొందరలో ఎవరూ ఎవరినీ మరిచిపోకూడదని.

గుబురయ్య బయల్దేరే రోజుకి తీతాలు గుడ్లు పెట్టి ఉంది. నాలుగు గుడ్లు. తీతువు గూడు కట్టదర్రా, చదును నేల మీదే పెడుతుంది. ఎండకి నేల పెనంలా కాలుతుంటే గుడ్లు ఉడికిపోవూ? అందుకని అది చెలమలో పొట్ట ఈకలు తడుపుకొని, పరుగున వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆరిపోతే మళ్ళీ వెళ్తుంది. రోజంతా అదే పని. మొన్నమొన్ననే తీతాలు మగణ్ణి డేగ ఎత్తుకుపోయింది. సాయానికి ఇంకెవరూ లేరు. ఆ నాలుగు గుడ్లే ఆవిడకి మిగిలిన సంసారం.

"అన్నా, నేను కదల్లేను. నా పేరు కూడా నువ్వే చెప్పి రా," అంది.

అదెంత పని అన్నాడు గుబురయ్య. నిజంగానే చెప్పాలనుకునే బయల్దేరాడు. అది మాత్రం నేను ఒప్పుకుంటాను.

బండ దగ్గర తిరునాళ్ళలా జనం. గుబురయ్య వంతు వచ్చింది. ఈ చెలమలో నీతో పాటు ఇంకెవరైనా ఉన్నారా అని కొండముచ్చు తాత అడిగాడు. గుబురయ్య నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే వెనక వరసలో రెండు అడవిపందులు గుసగుసలాడుకుంటున్నాయి. చెలమ దగ్గర నీళ్ళు బాగుంటాయి గానీ ఆ తీతువే బాగాలేదట. తీతువు అరిస్తే అశుభమట, ఆ అరుపు విన్న ఇంట్లో ఎవరో ఒకరు పోతారట. దాన్ని భాగస్థురాలంటే ఇక తాము ఆ ఛాయలకి కూడా పోమట. ఎంత బుద్ధిలేని మాటో చూడండి. ఆవిడ అరిచింది కాబట్టే కదా ఆ పందులు బతికున్నది. గుబురయ్యకి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. తెలిసి కూడా తడబడ్డాడు.

"చెలమ తవ్వేది నేనే తాతా," అన్నాడు.

తవ్వేది ఎవరని నేనడగలేదు, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను అన్నాడు తాత. అది రెండోసారి. ఈలోగా పక్కనే ఉన్న ముసలి కణితి దుప్పి, ఇంత పెద్ద చెలమకి గుబురయ్యగారు ఒక్కరే యజమానా అని మెచ్చుకోలుగా తలూపింది. గుబురయ్యని ఎవరైనా గారు అనడం అదే మొదలు. చెవికి తియ్యగా తగిలింది. ఇప్పటికి నా పేరు వేసెయ్యండి, మిగతాది తర్వాత చూద్దాం అన్నాడు.

తాతకి అనుమానం వచ్చినట్టుంది. గుబురయ్య పాదానికి జేగురు పూసి, బండకి ఆనించబోతూ ఆపాడు. మూడోసారి అడిగాడు. వెనక వాళ్ళు తోసుకుంటున్నారు. ఎండ మాడుస్తోంది. పందులు ఇటే చూస్తున్నాయి.

"ఎవరూ లేరు," అన్నాడు గుబురయ్య.

గుర్తు పడిపోయింది. ఎవరి పేరైనా చేర్చాలంటే అమావాస్య లోపు రావచ్చని తాత చెప్పి పంపాడు. దాంతో గుబురయ్య మనసు కుదుటపడింది. ఈ గోల సద్దుమణిగాక నెమ్మదిగా వచ్చి చేర్పిద్దాంలే అనుకున్నాడు.

తిరిగి రాగానే తీతాలు అడిగింది, చెప్పావా అన్నా అని. ఆ, పనైపోయింది చెల్లీ అన్నాడు. చెప్పానని అనలేదు, చెప్పలేదని కూడా అనలేదు. తీతాలు సంబరపడింది. ఇంకా పుట్టని పిల్లలతో, ఇక మనకి ఈ నీళ్ళ పక్కన చోటుకి ఢోకా లేదని కబుర్లు చెప్పుకుంది. ఆ కబుర్లు గుబురయ్య చెవిన పడ్డాయి. ఆ పూట ఇప్పపువ్వు సహించలేదు. అయినా లేచి బండ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

ఇవాళ కాదు రేపు అనుకున్నాడు. రేపు వచ్చాక ఎండగా ఉందనుకున్నాడు. ఆ తర్వాత కొండ మీద పెద్ద తేనెపట్టు ఉందని ఎవరో చెబితే, ముందు ఆ పని చూసుకుని వస్తూ వస్తూ బండ దగ్గర ఆగుదామనుకున్నాడు. తేనె కోసం చెట్టెక్కాడు. కొమ్మ విరిగింది. కాలు బెణికి, తొడ గీరుకుపోయి, పాక్కుంటూ కొండ మీద ఒక గుహలోకి చేరి పడుకున్నాడు. లేవలేడు. కబురంపుదామంటే అటుగా వచ్చేవాళ్ళు లేరు. అమావాస్య వచ్చింది, వెళ్ళింది.

ఇక్కడ చెలమలో ఇసుక జారుతోంది. తీతాలు తన సన్నటి కాళ్ళతో గీకి గీకి గుంట పూడిపోకుండా చూసేది. మా అన్న ఇవాళో రేపో వస్తాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. వాడెటు పోయాడో అని ఒక్కమాట అననిచ్చేది కాదు.

పున్నమి వెళ్ళిన మర్నాడు ఒక దుమ్ములగొండి వచ్చింది. హక్కుదారు కనబడటం లేదు కాబట్టి ఈ చెలమ నేను అడుగుతానంది. తీతాలు బెదరలేదు. హక్కుదారు లేకపోతే భాగస్థురాలిని నేనున్నానుగా అంది. అయితే బండ దగ్గర తేల్చుకుందాం రమ్మంది దుమ్ములగొండి. పొద్దున్నే, ఇంకా ఎండ ఎక్కకముందే, తీతాలు గుడ్లు వదిలి వెళ్ళింది.

బండ మీద చెలమ గుర్తు పక్కన పెద్ద ఎలుగు పాదం ఉంది. దాని పక్కన ఖాళీ.

తీతాలు అటూ ఇటూ వెతికింది. ఇంకోవైపు వేశారేమో చూడు తాతా, మా అన్న చెప్పే ఉంటాడు, నువ్వే మరిచిపోయి ఉంటావు అంది.  కొండముచ్చు తాత తల గోక్కున్నాడు. చివరికి చెప్పక తప్పలేదు.

"మూడుసార్లు అడిగానమ్మా. మూడోసారి ఎవరూ లేరన్నాడు."

 అడవినంతా లేపే గొంతు తీతాలుది, ఆ రోజు ఒక్క శబ్దం రాలేదు.  చట్టం చేసిందే నీలాంటివాళ్ళ కోసం తల్లీ, కానీ పేరు లేకపోతే నేను మాత్రం ఏం చెయ్యను అని తాత వాపోయాడు. తర్వాత దుమ్ములగొండిని కూడా మూడుసార్లు అడగాలి కాబట్టి అడిగాడు. అది మొదటిసారికే తన ముగ్గురు అక్కచెల్లెళ్ళ పేర్లూ తడుముకోకుండా చెప్పేసింది. తాత ఎలుగు పాదాన్ని చెరిపేశాక, అదే చోట నాలుగు గుర్తులూ వరసగా పడ్డాయి.

దుమ్ములగొండులు చెలమ చుట్టూ పడుకున్నాయి. దుప్పులు రావడం మానేశాయి. తీతాలు నీళ్ళకని వస్తే పళ్ళు చూపించాయి. కొండ అవతల ఇంకో మడుగు ఉంది. ఆవిడ అక్కడికి ఎగిరి పొట్ట తడుపుకుని తిరిగొచ్చేది. వచ్చేసరికి దారిలోనే ఈకలు ఆరిపోయేవి. మళ్ళీ వెళ్ళేది. మళ్ళీ ఆరిపోయేవి. వెళ్ళినంతసేపూ గుడ్లు ఎండలో. రెక్కలు పీకేస్తున్నా మానలేదు.

ఆ గుడ్లు పిల్లలు కాలేదర్రా. నాలుగూ కాలేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా ఈ ముక్క దగ్గరికొచ్చేసరికి నాకు ఇక చాలనిపిస్తుంది. కానీ చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు.

కాలు కాస్త నిలవగానే గుబురయ్య కుంటుకుంటూ దిగి వచ్చాడు. చెలమ దగ్గర దుమ్ములగొండుల్ని చూశాడు. ఏం జరిగిందో అర్థమైంది. ఒడ్డున తీతాలు ఇంకా ఆ గుడ్ల మీదే కూర్చుని ఉంది. గుడ్లలో ప్రాణం లేదని ఆవిడకి తెలుసు. లేవబుద్ధి కాక కూర్చుంది. గుబురయ్య దగ్గరికి వెళ్ళి కూలబడ్డాడు.

"రేపు చెబుదామనుకున్నాను చెల్లీ," అన్నాడు.

తీతాలు అతని వైపు చూసింది.

"నేను వాటా అడగలేదన్నా. నీళ్ళ పక్కన కూర్చునే చోటు అడిగాను. నా పేరు చెప్పడానికి ఎవరికి జంకావు?"

పందులకి జంకానని ఎలా చెబుతాడు? ఒక ముసలి కణితి తనని 'గారు' అని పిలిచినందుకు పొంగిపోయానని ఎలా చెబుతాడు? చెబుదామంటే తనకే అసహ్యం వేసింది. తప్పు చేశాను తల్లీ అని గొణిగాడు. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. ఆవిడ మొహం తిప్పుకుంది, అంతే.

గుబురయ్య లేచాడు. కుంటుకుంటూ బండ దగ్గరికి పోయాడు. ఆ రోజు కూడా అక్కడ జనం బాగానే ఉన్నారు. అడవిపందులూ ఉన్నాయి. అందరికీ వినబడేలా చెప్పాడు. చెలమ తనొక్కడిదే కాదని, తీతాలు కాపలా లేనిదే ఒక్క దుప్పి కూడా అక్కడ నీళ్ళు తాగేది కాదని, ఆవిడ తన భాగస్థురాలని చెప్పాడు. ఎవరూ అడగకుండానే మూడుసార్లు చెప్పాడు. పందులు తలలు దించుకున్నాయి.

కొండముచ్చు తాత అంతా విన్నాడు. జేగురు ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. బండ వైపు చూసి మళ్ళీ కింద పెట్టేశాడు.

"ఇప్పుడు దేని పక్కన వెయ్యమంటావు నాయనా? నీ గుర్తే లేదు కదా."

 గుబురయ్య మధ్యాహ్నపు ఎండలో వాగు దగ్గరికి తిరిగి వచ్చాడు. తీతాలు అక్కడ లేదు. ఎటు వెళ్ళిందో చూసినవాళ్ళు లేరు. నేల మీద నాలుగు గుడ్లు అలాగే ఉన్నాయి. గుబురయ్య వాటికి ఎండ తగలకుండా తన పెద్ద ఒళ్ళు అడ్డంపెట్టి, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాడు.

నీతి: మనతో కలిసి కష్టపడినవాళ్ళ పేరు అడిగినప్పుడే, అందరి ముందే చెప్పాలి, వాళ్ళు నష్టపోయాక ఎంత గట్టిగా చెప్పినా అది వాళ్ళకి అక్కరకు రాదు.