వెనకడుగు వేయరాదన్న రాజుగారు

ఒకానొక రాజ్యంలో, తాను చెబితే తప్ప వానలు కురవవని రాజుగారొక్కరే నమ్మే రాజ్యంలో, విజృంభణ భూపతి ఏలుబడి సాగుతూ ఉండేది. కార్తె మారినప్పుడల్లా రైతులకు ఏదో ఒక సలహా చెప్పకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు. రోహిణి కార్తెలో ఎద్దులకు విసనకర్రతో విసరమన్నారు. ఆరుద్రలో, గట్లకు బొక్కలు పెట్టే ఎండ్రకాయలను మర్యాదగా బతిమాలి పంపించమన్నారు.

ఈ సలహాలకు మాటలు కూర్చి దండోరా వేయించే పని ఆస్థాన విదూషకుడు తాతంభొట్లుది. అతను ఏ గురువు దగ్గరా చదువుకోలేదు. "గురువులు అదృష్టవంతులు" అని తనే అనేవాడు. సేద్యంలో తన ప్రజ్ఞ మీదా అతనికి భ్రమల్లేవు. పెరట్లో బీరపాదు పెడితే అది గోడెక్కి పక్కింట్లో కాసింది.

పునర్వసు కార్తె వచ్చింది. రాజుగారు పల్లకిలో పొలాల మీదుగా ఊరేగుతున్నారు. మడిలో ఆడకూలీలు వరసగా వంగి, నాటుకుంటూ వెనక్కి వెనక్కి వస్తున్నారు. వస్తున్నది సరిగ్గా పల్లకి వైపు. రాజుగారి కంటపడ్డవి ముఖాలు కావు.

మర్నాడే దండోరా మోగింది. "పునర్వసు కార్తె సలహా. ఈ రాజ్యంలో ఇకమీదట ఎవరూ ఏ పనిలోనూ వెనకడుగు వేయరాదు. నాట్లు ముందుకు నడుస్తూ వేయవలెను. తప్పినవారికి కొరడా దెబ్బలు."

ఆ సాయంత్రమే నాట్ల ముఠా పెద్ద గవరమ్మ తాతంభొట్లు ఇంటిముందు నిలబడింది.

"పంతులుగారూ, ఆ మాటలు కూర్చింది తమరేనంట గదా. సొగసుగా ఉన్నాయి. ఒక్కసారి మడిలోకి దిగి నాటి చూపించండి, నేర్చుకుంటాం."

తాతంభొట్లు పంచె ఎగ్గట్టి దిగాడు. ఒక మొక్క నాటాడు, ముందుకు అడుగేశాడు. ఆ అడుగు మొక్క మీదే పడింది. ఇంకోటి నాటాడు, దాన్నీ తొక్కాడు. గట్టు చేరి తిరిగి చూస్తే మడిలో పచ్చదనమేమీ లేదు, అతని పాదాల గుర్తులున్నాయి.

"నేను కాలు పెట్టిన చోట ఏదీ బాగుపడదని మా ఆవిడ ఎప్పుడూ అంటుంది. ఊరికే అంటోందనుకున్నాను" అన్నాడు.

గవరమ్మ నవ్వలేదు. "నారు ముదిరిపోతోంది బాబూ. ఇంకో వారం పోతే పశువులకు వేయాల్సిందే. అప్పుడు ఏడాది పొడుగునా జనం తినేదేంటి? అదలా ఉంచండి. బావి దగ్గర మోట తోడే మా ఎద్దులు నీళ్ళ బాన పైకి లాగి మళ్ళీ వెనక్కి నడవాలి గదా. నడవకూడదన్నారని మావోడు ముందుకే తోలాడు. తాడు, బాన, ఎద్దులు, మావోడు, అంతా పొరుగూరు చేరిపోయారు. ఇంకా పోతూనే ఉన్నారంట."

తాతంభొట్లుకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ముద్ద ఎత్తినప్పుడల్లా తన పాదాల గుర్తులే కనబడ్డాయి.

మర్నాడు కొలువు నిండుగా ఉంది. ఆ కొలువుకో ఆచారం ఉంది. రాజుగారికి ఎవరూ వీపు చూపకూడదు, చూపితే కొరడా. సెలవు తీసుకునేవారు చేతులు కట్టుకుని ద్వారం దాకా వెనక్కి నడవాల్సిందే. సభ ఖాళీ అయితేనే రాజుగారు సింహాసనం దిగి భోజనానికి లేచేది.

"మహాప్రభో, చిన్న సందేహం" అన్నాడు తాతంభొట్లు. "వెనకడుగు వేయరాదన్న సలహా రైతులకేనా, మావంటి వాళ్ళక్కూడానా? నాకు బుర్ర తక్కువ, అందుకని అడుగుతున్నాను."

"నీకు తక్కువని మాకు తెలుసు. మా మాట అందరికీ ఒకటే. ఎవరికీ మినహాయింపు లేదు" అన్నారు రాజుగారు మీసం దువ్వుతూ.

"చిత్తం. అందరూ విన్నారు" అన్నాడు తాతంభొట్లు.

మధ్యాహ్నం గంట మోగింది. వంటశాల నుంచి పనసపొట్టు కూర వాసన సభలోకి వచ్చింది. రాజుగారు చెయ్యి ఊపారు. "ఇక వెళ్ళండి."

ఎవరూ కదలలేదు. మంత్రి ఒక కాలు లేపి, ఆలోచించి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"ఏమయ్యా, చెవుడా?"

"వినబడింది ప్రభూ, ఎటు వెళ్ళాలో తెలియడం లేదు" అన్నాడు మంత్రి. "వెనక్కి నడిస్తే సలహా తప్పినట్టు, కొరడా. తిరిగి నడిస్తే వీపు చూపినట్టు, కొరడా."

రాజుగారు పైకప్పు చూశారు. సభ్యులు నేల చూశారు. కూర వాసన పోయి మాడు వాసన మొదలైంది. రాజుగారి పొట్ట నిండుసభలో గుర్రుమంది. అది ఎవరూ విననట్టు అందరూ దగ్గారు.

"తాతంభొట్లూ," అన్నారు రాజుగారు చివరికి, గొంతు తగ్గించి. "ఏదో ఒకటి చెప్పవయ్యా."

"ముందుకే రమ్మంటే వస్తాం ప్రభూ. ముందున్నది తమరి సింహాసనం. నేను నిన్న మడిలో అలాగే నడిచి ఒక్క మొక్కా మిగల్చలేదు. ఇక్కడేమవుతుందో తమరే ఆలోచించండి."

రాజుగారు కాళ్ళు సింహాసనం మీదికి ముడుచుకున్నారు. "వద్దు వద్దు. వెనక్కే పొండి. ఇక్కడ అది అవమానం కాదు, మర్యాద."

"పొలంలోనూ అంతే ప్రభూ. కూలీలు నాటినదాన్ని తొక్కకుండా, దానివైపే చూస్తూ వెనక్కి జరుగుతారు. వాళ్ళు మర్యాద చేస్తున్నది మొక్కకు. పల్లకి వెనకనుంచి వచ్చిందని వాళ్ళకు తెలియదు. పల్లకి అవతలి గట్టు మీదుగా వెళితే తమరికి ముఖాలే కనబడతాయి. మోట ఎద్దులైతే వెనక్కి నడవకూడదని పొరుగూరు దాటి ఇంకా పోతూనే ఉన్నాయి."

రాజుగారు కాసేపు గుర్రుగా చూశారు. తర్వాత మీసం చాటున నవ్వు దాచుకున్నారు. "సరే. నాట్లు ఎప్పటిలాగే వేసుకోమని దండోరా వేయించు. ఆ ఎద్దులను కూడా ఎవరైనా వెనక్కి పిలవండి."

సభంతా ఒక్కసారిగా వెనక్కి కదిలింది. మంత్రి సేనాపతి కాలు తొక్కాడు, సేనాపతి పురోహితుడి మీద పడ్డాడు, తాతంభొట్లు వెళ్ళి స్తంభానికి కొట్టుకున్నాడు.

రాజుగారు పడీపడీ నవ్వారు. "మరి పొలంలో అంతమంది ఒకే వరసలో వెనక్కి నడుస్తారే, వాళ్ళు ఇలా పడరా?"

"పడరు ప్రభూ" అన్నాడు తాతంభొట్లు నుదురు రుద్దుకుంటూ. "వాళ్ళకి పని ఉంది."

రాజుగారు ఇంకా నవ్వుతూనే మెడలోని హారం తీసి అతనికి విసిరారు. దాన్ని పట్టుకోవడానికి తాతంభొట్లు ఒక అడుగు ముందుకే వేశాడు.